ఇరవై మూడో బండి

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఆగస్టు నెల మొదటి సోమవారం, నన్ను బాన్సువాడకు పంపారు. అప్పుడు నేను నిజామాబాద్‌లో ఒక జపాన్ కార్ల కంపెనీ డీలరు దగ్గర సర్వీస్ మేనేజర్‌ని. బాన్సువాడలో మాకు షోరూమ్ ఉండేది కాదు. రెండు బండ్లు పట్టే రేకుల షెడ్డు, ఒక మెకానిక్, ఒక బల్ల, అంతే. దాన్ని సర్వీస్ పాయింట్ అనేవాళ్లం. ఆయిల్ మార్చడం, బ్రేకులు చూడడం వరకు అక్కడ అయ్యేవి. అంతకు మించిన పనైతే బండి నిజామాబాద్ రావలసిందే.

నాకు అప్పగించిన పని రీకాల్. అమ్మిన బండ్లలో ఏదైనా లోపం ఉందని కంపెనీకి తెలిసినప్పుడు, ఆ రకం బండ్లన్నిటినీ వెనక్కి పిలిపించి, ఉచితంగా ఆ భాగం మార్చి పంపడాన్ని రీకాల్ అంటారు. ఈసారి లోపం ఎయిర్‌బ్యాగులో, అంటే ప్రమాదంలో ముందున్నవాళ్ల ముఖానికి అడ్డంగా విచ్చుకునే గాలిసంచిలో ఉంది. ఆ సంచిని నింపడానికి దాని వెనుక అరచేతిలో పట్టేంత లోహపు డబ్బా ఒకటి ఉంటుంది. దాన్ని ఇన్‌ఫ్లేటర్ అంటాం. అందులోని మందు కనురెప్ప వేసేలోగా మండి వాయువవుతుంది. ఏళ్ల తరబడి ఎండా తేమా తగిలితే ఆ మందు పాడయ్యే అవకాశం ఉందని, అప్పుడు డబ్బాయే పగిలి ముక్కలు ఎదుటివాళ్ల మీదికి వస్తాయని కంపెనీ సర్క్యులర్‌లో రాశారు. ఆ డబ్బాను తయారు చేసింది వేరే సంస్థ. కానీ బండి మీద ఉన్న పేరు మాది కాబట్టి బాధ్యత మాదే. మా జాబితాలోని బండ్లలో మార్చవలసింది ఎడమవైపు, అంటే డ్రైవర్ పక్క సీటుకు ఎదురుగా ఉన్నది.

బాన్సువాడ, పిట్లం, బిచ్కుంద, పెద్ద కొడప్‌గల్ మండలాలు కలిపి జాబితాలో ఇరవై మూడు బండ్లున్నాయి. నంబరు ప్లేటు మారవచ్చు, రంగు మారవచ్చు, యజమాని మారవచ్చు. బండి చట్రం మీద కొట్టిన ఛాసిస్ నంబరు మారదు. ఆ నంబర్లు పట్టుకుని ఒక్కొక్కదాన్నీ వెతకాలి. యజమాని ఒప్పుకుంటే తేదీ ఇవ్వాలి. ఒప్పుకోకపోతే నిరాకరణ పత్రం మీద సంతకం తీసుకోవాలి. అది తీసుకుంటే మా వైపు నుంచి ఆ బండి పని ముగిసినట్టే.

పని సులువనుకున్నాను. కాలేదు. కారణం లోపం కాదు, మా కంపెనీకి ఉన్న మంచి పేరు.

ఆ పేరు ఎలా వచ్చిందో శిక్షణలో మాకు చెప్పారు. మొదట్లో విదేశాలకు పంపిన బండ్లు పొడవైన ఎత్తు రోడ్లు ఎక్కలేక ఇంజను వేడెక్కి ఆగిపోయేవట. జనం నవ్వారట. కంపెనీ వాటిని వెనక్కి తెచ్చుకుని, కొన్నేళ్లు వాటిని బాగుచేసే పని మీదే కూర్చుని, మళ్లీ పంపిందట. ఫ్యాక్టరీలో బండ్లు వరసగా తయారవుతూ కదిలే లైను పైన ఒక తాడు వేలాడుతుంది. ఏ కార్మికుడికి ఏ తప్పు కనిపించినా తాడు లాగవచ్చు. లాగితే మొత్తం లైను ఆగుతుంది. లాగినవాణ్ని ఎవరూ తిట్టరు. మాకు పాఠం చెప్పిన జపాన్ ఇంజనీరు ఈ విషయాన్ని దుబాసీ ద్వారా రెండుసార్లు చెప్పించాడు.

మా జిల్లాలో ఈ చరిత్ర ఎవరికీ తెలియదు. పేరు మాత్రం అందరికీ తెలుసు. అద్దె బండ్లు నడిపేవాళ్లు మొదట మెచ్చుకున్నారు, తర్వాత రైతులు కొన్నారు. ‘ఆయిల్ పోసి తాళం తిప్పు, సాలు’ అనేవాళ్లు. ఇరవై ఏళ్లు మేమూ అదే చెప్పి అమ్మాం. ఇప్పుడు అదే నోటితో, ‘మీ బండిలో ఒక భాగం చెడిపోయి ఉండవచ్చు’ అని ఫోన్ చేస్తే ఎవరూ నమ్మడం లేదు. ఒకాయన నన్నే ఓదార్చాడు. “మీ బండి గురించి మీకే తెల్వది సార్, దానికి ఏం గాదు,” అన్నాడు.

అయినా మూడు వారాల్లో ఇరవై రెండు బండ్లు దొరికాయి. ఒకరిద్దరు బతిమాలించుకున్నా, అందరూ తేదీలు తీసుకున్నారు. ఇరవై మూడోది మిగిలింది. రెండు రిజిస్టర్డ్ ఉత్తరాలు తిరిగి వచ్చాయి. ఫోన్ నంబరు పనిచేయడం లేదు.

మొదటి యజమాని కాలువ కింద వరి పండించే కోస్తా రైతు, వెంకటేశ్వరరావుగారు. వాళ్ల నాన్నగారి కాలంలో ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. వెళ్లేసరికి పొలం గట్టు మీద ఉన్నారు. “అమ్మేశామండీ, చాలా కాలమైంది. బిచ్కుందలో విత్తనాల షాపాయన తీసుకున్నాడు. అమ్మిన రోజు మా ఆవిడ అన్నం తినలేదంటే నమ్మండి, ఆ బండి అలాంటిది,” అన్నారు. బిచ్కుంద వెళ్లాను. విత్తనాల షాపు యజమాని తానూ అమ్మేశానని, సాయిలు అనే టాక్సీ డ్రైవర్ కొన్నాడని చెప్పాడు. ఎక్కడుంటాడని అడిగితే, బాన్సువాడ బస్టాండ్ దగ్గర అడ్డా మీద ఉంటాడన్నాడు. మా షెడ్డుకూ ఆ అడ్డాకూ మధ్య నడిస్తే పది నిమిషాలు. మూడు వారాలు నేను టీ తాగింది అక్కడే.

మర్నాడు బుధవారం ఉదయం వెళ్లాను. వెండి రంగు బండి, పన్నెండేళ్లది. అద్దాలు మెరుస్తున్నాయి. సాయిలుకు నలభై ఏళ్లుంటాయి. తడిగుడ్డతో డోర్లు తుడుస్తున్నాడు. ఛాసిస్ నంబరు చూస్తానంటే బానెట్ ఎత్తి గర్వంగా చూపించాడు. సరిపోయింది. నేను సంగతి చెప్పడం మొదలుపెట్టగానే అతని ముఖం మారింది.

“బండి వాపస్ తీస్కుంటరా?” అన్నాడు.

వాపసు కాదని, ఒక భాగం మారుస్తామని, అతను ఏమీ ఇవ్వనవసరం లేదని చెప్పాను. ఉచితం అనే మాటతో అనుమానం ఇంకా పెరిగింది.

“ఊకెనే ఎవ్వడన్న చేస్తడా సార్? గిది జపాన్ బండి. నాలుగేండ్ల సంది నడుపుతున్న, ఒక్కపారి గూడ తొవ్వల ఆగలే. మంచిగున్న బండిని ఇప్పి చెడగొడ్తమంటరు. నాకొద్దు.”

ఎయిర్‌బ్యాగ్ సంగతి బొమ్మ గీసి చూపించాను. విన్నాడు. ఆపై అసలు ఇబ్బంది చెప్పాడు. బండి ఒక దినం మా దగ్గర పెడితే అతని కిరాయిలు పోతాయి. వారంలో మూడు దినాలు ఒక డయాలసిస్ పేషెంటును నిజామాబాద్ దవాఖానకు తీసుకుపోవాలి. ఆ పని తప్పడానికి వీల్లేదు.

“నాకొద్దని రాసియ్యుమంటె రాసిస్త. ఇగ నన్ను ఇడ్సిపెట్టున్రి,” అన్నాడు.

సంచిలోంచి నిరాకరణ పత్రం తీశాను. అతను బానెట్ మీద పెట్టి సంతకం చేశాడు. తేదీ వేశాను. నా జాబితా పూర్తయింది. దాచడం ఎందుకు, మనసుకు తేలికగానే అనిపించింది.

పత్రం మడుస్తుండగా పక్క గల్లీలోంచి ఒక ముసలావిడ నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చింది. ఎడమచేతికి కట్టు ఉంది. సాయిలు పరుగున వెళ్లి ముందు తలుపు తీశాడు. ఆమె సీటు పట్టుకుని, ఊపిరి తీసుకుని, డ్రైవర్ పక్కన కూర్చుంది.

ఆ కట్టు డయాలసిస్ సూదులు గుచ్చే చోటిదని, అతను చెప్పిన పేషెంటు ఆమేనని అప్పుడు అర్థమైంది. పేరు నర్సవ్వ. సాయిలుకు చుట్టం కాదు, అదే గల్లీలో ఉంటుంది. నేను వెళ్లి, వెనుక సీట్లో కూర్చోకూడదా అవ్వా అని అడిగాను.

“ఎన్క కూసుంటె కడుపుల తిప్పుతది కొడుకా. ముంగట గాలి తలుగుతది,” అంది. తర్వాత నా చేతిలోని కాగితం చూసింది. “గదేంది?”

చెప్పక తప్పలేదు. అడ్డాలో నిలబడి, బొమ్మ లేకుండా, తేలిక మాటల్లో చెప్పాను. ఆమె మధ్యలో అడ్డుపడకుండా విన్నది.

“గా డబ్బ పలిగితె ఎవ్వలికి తాకుతది?”

“ముందు సీట్లో ఉన్నవాళ్లకు, అవ్వా.”

“అంటే నాకు.”

“అవును.”

“మరి కాయితం మీద వీని సంతకం ఎందుకు తీస్కున్నవ్? నన్నెందుకు అడుగలే?”

మడిచిన పత్రాన్ని విప్పి మళ్లీ చూశాను. ఫారంలో యజమాని పేరుకు గడి ఉంది, ఛాసిస్ నంబరుకు ఉంది, సాక్షికి ఉంది. ఆ సీట్లో కూర్చునే మనిషికి లేదు.

సాయిలు నేల చూపులు చూస్తున్నాడు. ముందు సీటు సంగతి అతనూ ఆలోచించలేదు. నర్సవ్వ అతని వైపు తిరిగింది.

“నన్ను ఆడ మంచంల పండవెట్టి నాలుగు గంటలు నువ్వేం జేస్తవ్‌రా?”

“బండ్ల పండుకుంట అవ్వా.”

“గప్పుడు ఇయ్యరాదు సార్‌కు?”

భాగం మార్చడానికి మాకు పట్టేది రెండు గంటలు. దవాఖాన నుంచి మా వర్క్‌షాపు దగ్గరే. మేం పంపిన ఉత్తరాలన్నిటిలో ‘వాహనాన్ని ఒక రోజు అప్పగించగలరు’ అని ఉంటుంది. అతని రోజు ఎలా గడుస్తుందో మేం అడగలేదు.

వచ్చే బుధవారం అని ఒప్పుకున్నాం. అప్పటివరకు నర్సవ్వ వెనుక సీట్లోనే కూర్చోవాలన్నాను. ఆ నిమిషమే ఆమె దిగి వెనక్కి మారింది. నిరాకరణ పత్రాన్ని చింపకూడదు, నిబంధన ఒప్పుకోదు. అడ్డంగా గీత గీసి, రద్దు అని రాసి, ఇద్దరం సంతకాలు చేశాం.

ఇన్‌ఫ్లేటర్లు కొన్ని కొన్నిగా వచ్చేవి. పేలే స్వభావం ఉన్నవి కాబట్టి వాటికి ప్రత్యేకమైన రవాణా, తాళం వేసిన గది, లెక్క ఉండాలి. బాన్సువాడకు తెచ్చి మార్చే వీలు లేకపోయింది అందుకే. ఆ వారం ఆ మోడల్‌కు సరిపోయేది ఒక్కటే మిగిలింది. దాన్ని మా జనరల్ మేనేజర్ ఒక కాంట్రాక్టరు బండికి రాసిపెట్టాడు. ఆ కాంట్రాక్టరు మా దగ్గర కొత్త బండ్లు కొనేవాడు. అతని బండి సాయిలు బండికన్నా అయిదేళ్లు చిన్నది. సర్క్యులర్‌లో పాత బండ్లకు ముందు అని స్పష్టంగా ఉంది. ఆ వాక్యం కింద గీత గీసి ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన, కస్టమర్ చేజారితే ఎవరు బాధ్యులని అడిగాడు. నేను, బుధవారం బాన్సువాడ బండి వస్తుందని మాత్రం చెప్పి బయటికి వచ్చాను. స్టోర్ నుంచి భాగం నా సంతకంతో తీయించాను.

బుధవారం పదకొండింటికి సాయిలు వచ్చాడు. వెనుక కూర్చున్నందుకు దారిలో రెండుసార్లు బండి ఆపవలసి వచ్చిందని, అవ్వ నిమ్మకాయ వాసన చూసుకుంటూ వచ్చిందని చెప్పాడు. అతన్ని పని జరిగే చోటు చుట్టూ గీసిన పసుపు గీతకు బయట నిలబెట్టాం. బ్యాటరీ తీగ విప్పి, సర్క్యూట్‌లో మిగిలిన కరెంటు పోయేదాకా ఆగాం. తర్వాత ఎడమ సీటు ముందు కాగితాలు పెట్టుకునే చిన్న అర ఊడదీసి, లోపలికి చేయి పెట్టి, పాతదాన్ని విప్పాడు మా టెక్నీషియన్. కొత్తది బిగించి, కంప్యూటర్ తగిలించి, డ్యాష్‌బోర్డు మీద ఎర్రదీపం వెలిగి ఆరిపోవడం చూశాక, పాతదాన్ని కంపెనీకి పంపే పెట్టెలో పెట్టి సీల్ వేశాం.

“సార్, గిది చెడ్డదేనా?” అన్నాడు సాయిలు.

“తెలియదు. పైకి చూస్తే తెలియదు. ఇది కంపెనీకి పోతుంది.”

“ఆళ్లు చెప్తరా మనకు?”

“చెప్పరు.”

అతనికి అది మింగుడు పడలేదు. “చెడ్డదో మంచిదో తెల్వకనే ఇప్పిన్రా? గింత మంచి పేరున్న కంపెనీ?”

అతనికి తాడు సంగతి చెప్పాను. తప్పు ఉందేమోనన్న అనుమానంతోనే లైను ఆపేస్తారని, నూటికి తొంభైసార్లు ఏమీ లేదని తేలినా ఆపినవాణ్ని ఎవరూ ఏమీ అనరని, ఆ పేరు అలా వచ్చిందని చెప్పాను. “అయితే గీసారి అవ్వ గుంజింది తాడు,” అన్నాడు. బండి తాళం తీసుకుని దవాఖానకు వెళ్లిపోయాడు.

శుక్రవారం కాంట్రాక్టరు వచ్చి, భాగం లేదని తెలిసి, గట్టిగా మాట్లాడి వెళ్లాడు. నన్ను రాతపూర్వకంగా సంజాయిషీ అడిగారు. సర్క్యులర్ నకలు జతచేసి, పేజీన్నర రాసి ఇచ్చాను. ఆ ఏడు నాకు రావలసిన హోదా రాలేదు. ఇదే కారణమని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. కాంట్రాక్టరు బండికి తర్వాతి విడతలో మార్చాం. నర్సవ్వ ఇంకో రెండేళ్లకు పైగా ఆ బండిలో దవాఖానకు తిరిగి, తన జబ్బుతోనే పోయిందని నేను రిటైరయ్యాక సాయిలు ఫోన్‌లో చెప్పాడు. ఆ బండికి ప్రమాదం ఏదీ జరగలేదు. కాబట్టి మేం చేసిన పని అవసరమైందో లేదో ఎవరికీ తెలియదు. మా వృత్తిలో సరిగా చేసిన పనికి చాలాసార్లు రుజువు ఉండదు.

మిగిలిన సర్వీసులో నేను మార్చుకున్నది ఒక్కటే. ఏ రీకాల్ జాబితా వచ్చినా యజమాని పేరు పక్కన పెన్నుతో ఒక నిలువు గీత గీసి, ఆ బండిలో రోజూ ఎవరు ఎక్కడ కూర్చుంటారో రాసుకునేవాణ్ని. కంపెనీ ఫారంలో ఆ గడి లేదు. యజమాని వద్దనడం అతని హక్కు. కానీ దెబ్బ తగిలేది వేరొకరికైతే, అతని సంతకంతో పని ముగిసినట్టు కాదు.