తోడు లేకుండా రైలెక్కడం

ఆ రోజు నిచ్చెన మీద ఉండగా నాకు బెల్లం మాడుతున్న వాసన వచ్చింది. మాది బెంగళూరుకు రైలు దూరంలోని రాబర్ట్‌సన్‌పేటలో బట్టల కొట్టు. బెల్లం అమ్మే అంగడి చాలా అవతల ఉంది, అక్కడ కూడా ఎవరూ బెల్లాన్ని మాడ్చరు. కింద క్యాసంబళ్ళి నుంచి వచ్చిన పెళ్ళివారు కూర్చుని, పై వరసలోని మెరూన్ చీర తీయమంటున్నారు. వాసన గొంతులోకి దిగింది. కడుపులోంచి ఏదో పైకి లేచినట్టయింది. ఇదంతా ఇంతకు ముందే ఒకసారి జరిగిపోయిందని గట్టిగా అనిపించింది. ఆ తర్వాత నాకు తెలిసిందల్లా, నేను నేల మీద ఉన్నాను, నా మీద చీరలు ఉన్నాయి, నా చేతిలో కొట్టు తాళాల గుత్తి ఉంది.

మూర్ఛ వచ్చినవాడి చేతిలో ఇనుము పెట్టాలని మా వైపు అందరికీ తెలుసు. మా కొట్లో చప్పున దొరికే ఇనుము తాళాల గుత్తే. బి.కాం. పాసై కొట్లో కూర్చున్ననాటి నుంచీ నా కన్ను ఆ గుత్తి మీదే ఉంది. మొదట నాయన నడుముకు ఉండేది, తర్వాత అన్న నడుముకు మారింది. నా చేతికి వచ్చింది మాత్రం నాకు స్పృహ లేనప్పుడే. పెళ్ళివారు ఆ చీర తీసుకోలేదు.

ఎండకు కళ్ళు తిరిగి ఉంటాయని అందరూ అన్నారు, నేనూ అన్నాను. రెండోసారి స్నానాల గదిలో, బాగా చల్లగా ఉన్న రోజు వచ్చింది. ఇక ఎండను అనడానికి వీల్లేకపోయింది. అన్న నన్ను బెంగళూరు తీసుకుపోయాడు, అమ్మ కూడా వచ్చింది. జుట్టులో జిగురు పూసి ఈఈజీ తీశారు. ఎంఆర్ఐ గొట్టంలో పడుకోబెట్టి, కదలొద్దన్నారు. కదలకుండా ఉండలేకనే కదా వచ్చాను అని చెబుదామనుకున్నాను గానీ, టెక్నీషియన్ నవ్వే మనిషిలా కనిపించలేదు.

న్యూరాలజిస్టుది చిత్తూరు వైపు. మాతో తెలుగులోనే మాట్లాడింది. "మెదడులో లెఫ్ట్ టెంపోరల్ లోబ్‌లో చిన్న స్కార్, పాత మచ్చ ఉంది. చిన్నప్పుడు జ్వరంలో ఫిట్స్ వచ్చాయా?" అని అడిగింది. వచ్చాయని, అప్పుడు దిష్టి తీశామని అమ్మ చెప్పింది. డాక్టరమ్మ అది కూడా రాసుకుంది. జబ్బు పేరు ఎపిలెప్సీ అంది. ఆ మాడు వాసనను ఆరా అంటారట, అది రాబోయే ఫిట్స్‌కు, డాక్టర్ల మాటలో సీజర్‌కు వార్నింగు. ముందుగా కబురు పెట్టి వచ్చే జబ్బులు ఎన్ని ఉంటాయి? అందుకు కొంచెం సంతోషించాను.

"బైకు వద్దు. నిచ్చెన వద్దు. ఒంటరిగా నీళ్ళలో దిగొద్దు. మాత్ర మానొద్దు. మిగతావన్నీ చెయ్యి" అంది ఆవిడ. చివరి మాట మా ఇంటివాళ్ళకు వినపడలేదు. వద్దన్నవాటిని మాత్రం శ్రద్ధగా పెంచుకుంటూ పోయారు. స్నానాల గదికి గడియ తీసేశారు. నేను లోపల ఉన్నంతసేపూ అమ్మ బయట స్టూలు వేసుకుని కూర్చుని, చెంబు చప్పుడు ఆగినప్పుడల్లా "గిరీ, ఉండావా?" అనేది. "ఉండానమ్మా" అనేవాణ్ణి. పొయ్యి దగ్గరికి పోకూడదు, మేడ ఎక్కకూడదు, మధ్యాహ్నం ఇంటికొచ్చి పడుకోవాలి. పెళ్ళి మాట ఇంట్లో ఆగిపోయింది. ఎవరూ ఆపలేదు, దానంతట అదే ఆగింది.

లెవిటిరాసెటమ్ అనే మాత్ర మొదలుపెట్టాక కోపం ఎక్కువయింది. ఈ మాత్రకు అలా అవుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. దాంతో నాకు ఎప్పుడు కోపం వచ్చినా మాత్ర వల్లనే అనుకునేవారు. న్యాయంగా వచ్చిన కోపానికి కూడా విలువ లేకుండా పోయింది.

నేను కోరినది పెద్దదేమీ కాదు. బట్టల వ్యాపారంలో అమ్మడం కూర్చుని చేసే పని. కొనడమే అసలు పని. బెంగళూరు చిక్కపేటలో హోల్‌సేల్ అంగళ్ళ సందుల్లో తిరిగి, గుడ్డను వేళ్ళ మధ్య నలిపి చూసి, రాబోయే పెళ్ళిళ్ళలో ఇక్కడి ఆడవాళ్ళు ఏ రంగు కడతారో ఇప్పుడే తేల్చుకోవాలి. తప్పితే ఆ సరుకు అలమరలోంచి మనల్ని చూస్తూ కూర్చుంటుంది. కాలేజీలో నాకు రిస్క్ గురించి ఒక పేపరు ఉండేది. ఫస్టు క్లాసు వచ్చింది. కానీ ఒక్కణ్ణే బెంగళూరు పోయి ఒక్క చీరైనా సొంతంగా కొన్నది లేదు. ఒక్కసారి ఒంటరిగా పోయి కొని రావాలి, అంతే నా కోరిక.

అన్న ఎప్పుడూ వద్దనలేదు. "నువ్వు పో, నేను యెంట వస్తా" అనేవాడు. అది ఒంటరిగా పోవడం ఎట్లా అవుతుందని ఒకరోజు గట్టిగా అడిగాను. అన్న మీటరు కర్ర పక్కన పెట్టాడు.

"నువ్వు పడేదానికి నాకేం ఇబ్బంది లేదప్పా" అన్నాడు. "నేను లేనప్పుడు పడితేనే కష్టం."

మాత్రలు పనిచేశాయి. చాలాకాలం సీజర్ రాలేదు. ఇంట్లో పట్టు కొంచెం సడలుతున్న సమయంలో వైకుంఠ ఏకాదశి వచ్చింది. మా ఇంట్లో ఆ రోజు మంచినీళ్ళు కూడా ముట్టరు. మాత్ర వేసుకోవచ్చా అని చర్చ నడిచింది. మందుకు దోషం లేదని నాయన అన్నాడు. కానీ ఆ మాత్ర మీద పూత ఉంటుంది, నాలుక మీద పెడితే కొంచెం తియ్యగా తగులుతుంది. అది మందా, ఫలహారమా? ఇంత సూక్ష్మమైన ప్రశ్న మా ఇంట్లో అంతకు ముందెప్పుడూ రాలేదు. ఒక్కరోజే కదా అని మానేశాను. మరునాడు పారణకు ఆకు ముందు కూర్చోగానే బెల్లం మాడింది. ఈసారి మా మామ ఒకాయన నోట్లో గరిటె కాడ పెట్టాడు. ముందుపన్ను సగం విరిగింది.

"నీ జబ్బుకు ఏకాదశి తెలీదు గిరీ" అంది డాక్టరమ్మ. అన్నకేసి తిరిగి, నోట్లో ఏమీ పెట్టకూడదు, చేతులు గట్టిగా పట్టుకోకూడదు, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, అంతే అని చేసి చూపించింది. నన్ను ఒంటరిగా పంపవచ్చా అని అన్న అడిగాడు. నాకోసం అడుగుతున్నాడని ముందు తెలియలేదు. "రిస్క్ అస్సలు లేకుండా చేసే మాత్ర నా దగ్గర లేదండీ. ఉంటే ముందు నేనే వేసుకునేదాన్ని" అంది ఆవిడ. అన్న నవ్వలేదు. తిరుగు రైల్లో మాలూరు దాటాక, "వచ్చే నెల నువ్వొక్కడివే పో" అన్నాడు.

పోయాను. మారికుప్పం నుంచి వచ్చే పొద్దుటి రైల్లో, రోజూ పోయే ఉద్యోగస్తుల పేకాట పక్కన కూర్చుని, రాజులా పోయాను. బెంగళూరులో దిగి మెట్ల వైపు తిరిగేసరికి, వెనక పెట్టెలోంచి దిగుతూ అన్న కనిపించాడు. నన్ను చూసి టీ అంగడి వెనక్కి పోబోయాడు. మా అన్న వెడల్పయిన మనిషి, టీ అంగడి చిన్నది.

"బంగారుపేటలో టీ తాగుదామని ఎక్కినా. దిగేలోగా కదిలిపాయ" అన్నాడు.

బంగారుపేట దాటాక ఆ రైలు ఎన్నిచోట్ల ఆగిందో మా ఇద్దరికీ తెలుసు. ఇద్దరం కలిసే చిక్కపేట పోయాం. ఆ రోజు చీరలన్నీ నన్నే ఎంచుకోమని, తను అంగడి మెట్ల మీద కూర్చున్నాడు. మెట్లు ఎక్కితే ఆయాసంగా ఉంది, గ్యాసేమో అన్నాడు. జీలకర్ర సోడా తాగాడు.

ఆ గ్యాసు కొన్నాళ్ళు ఉంది. పెళ్ళిళ్ళ సీజను అయ్యాక చూపించుకుంటానన్నాడు. ఒక మధ్యాహ్నం నేను ఇంట్లో, డాక్టరమ్మ చెప్పని ఆ నిద్రలో ఉండగా, అన్న కొట్లో గుడ్డ కొలుస్తూ కూలబడ్డాడు. ఆస్పత్రికి చేర్చేసరికి అయిపోయింది. మాసివ్ ఎంఐ, అంటే పెద్ద గుండెపోటు అన్నాడు డ్యూటీ డాక్టరు. బీపీ ఉండేదా, ఏం మాత్రలు వాడుతున్నాడు, పాత రిపోర్టులు ఏమైనా ఉన్నాయా అని అడిగాడు. మాకెవరికీ తెలియదు. ఇంట్లో మందుల గురించి ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పేది అన్నే.

చితి దగ్గర ఇద్దరు బంధువులు నా రెండు చేతులూ పట్టుకుని నిలబడ్డారు. ఓదారుస్తున్నారనుకున్నాను. పడతానేమోనని పట్టుకున్నారట. ఆ రోజు నాకు ఏ వాసనా రాలేదు. వస్తే బాగుండునని మాత్రం అనిపించింది, కాసేపైనా అక్కడ లేకుండా పోవచ్చు.

తర్వాత కొట్టు వదిన తెరిచింది. గుత్తి తన దగ్గరే ఉంచుకోమని నేనే చెప్పాను. ఉన్న సరుకు పలచబడింది. ఎవరో ఒకరు బెంగళూరు పోవాలి. నాయనకు మోకాళ్ళు పనిచేయవు. నేను పోతానంటే అమ్మ తలుపుకు అడ్డంగా కూర్చుంది. ఒకణ్ణి పోగొట్టుకున్నాను, రెండోవాణ్ణి రైలుకు ఇవ్వనని ఏడ్చింది. నేను చెప్పులు విప్పేశాను. అప్పుడు వదిన వంటింట్లోంచి వచ్చి, అమ్మ పక్కన నేల మీద కూర్చుంది.

"ఏ జబ్బూ లేదని మనం ఒక్కదినమన్నా చూడని మనిషి, కొట్లో కూసున్నట్లే పొయినాడు" అంది. "ఇంగ యాడుంటే ఏమత్తా? పోనీ."

అమ్మ చాలాసేపటికి కాళ్ళు ముడుచుకుంది. దారి అంతే వచ్చింది, నేను దాటాను.

ఆ రోజు వెనక పెట్టెల్లో ఎవరూ లేరు. అయినా బంగారుపేటలో ఒకసారి కిటికీలోంచి చూశాను. టేకల్ దగ్గర వాసన వచ్చింది. అన్న ఉంటే ఆయన చొక్కా పట్టుకునేవాణ్ణి. పక్కనున్నాయన ఊరిగాం నుంచి రోజూ వైట్‌ఫీల్డు ఫ్యాక్టరీకి పోయే మనిషి, టిఫిను డబ్బా ఒళ్ళో పెట్టుకుని కునుకుతున్నాడు. లేపి చెప్పాను. "అన్నా, నాకు ఫిట్స్ వస్తాయి. ఇప్పుడు వచ్చేట్టుండాది. పడితే పక్కకు తిప్పండి. నోట్లో ఏమీ పెట్టొద్దండి."

"తాళాలు?" అన్నాడాయన.

"వద్దన్నా."

"సరేప్పా" అన్నాడు, సంచి చూస్తూ ఉండమంటే ఒప్పుకున్నట్టుగా.

మాలూరు ప్లాట్‌ఫారం మీద మెలకువ వచ్చింది. తల కింద ఆయన టిఫిను సంచి ఉంది, రైలు లేదు. ఆయన పక్కన కూర్చుని తన సూపర్‌వైజరుకు ఫోన్లో ఏదో సర్దిచెబుతున్నాడు. నేను లేవగానే నీళ్ళిచ్చి, పన్ను ఇప్పుడు విరిగిందా అని అడిగాడు. పాతదేనన్నాను. ఆయనకు నిమ్మళమయింది.

వదినకు ఫోను చేశాను. దెబ్బ తగిలిందా అంది. మోచేయి గీరుకుందని చెప్పాను. తలకు లేదు కదా అంది. లేదన్నాను.

"అయితే నువ్వే చెప్పు గిరీ. పోతావా, వస్తావా?"

నా జబ్బు విషయంలో ఎవరైనా ఆ నిర్ణయం నాకు వదలడం అదే మొదటిసారి. తల దిమ్ముగా ఉంది. ఆ రోజుకు వెనక్కి వచ్చేశాను. డాక్టరమ్మకు ఫోను చేస్తే డోసు కొంచెం పెంచింది. తర్వాతి వారం మళ్ళీ పోయాను. ఆకుపచ్చవి ఎక్కువ కొన్నాను. ఆ ఏడు ఎవరూ ఆకుపచ్చ కట్టలేదు. ఆ చీరలు ఇప్పటికీ అలమరలో ఉన్నాయి. వదిన వాటి గురించి ఒక్క మాటా అనలేదు, దుమ్ము మాత్రం దులుపుతుంది.

ఇప్పుడు నెలకొకసారి పోయి వస్తున్నాను. భయం పోయిందని రాస్తే అబద్ధం అవుతుంది. టేకల్ వస్తుంటే ముక్కు దానంతట అదే గాలి పీలుస్తుంది. సీట్లో కూర్చోగానే పక్కవాళ్ళకు నా సంగతి చెప్పేస్తాను. కొందరు సీటు మారతారు. ఎక్కువమంది మారరు. స్నానాల గదికి గడియ ఇప్పటికీ లేదు, అది నాకు సమ్మతమే. బయట స్టూలు మాత్రం లేదు. ఒంటరిగా పోవాలని అంత పోరాడిన నాకు, పోయి వచ్చాక ఏం కొన్నానో చెప్పుకునే మనిషి ఉండడని అప్పుడు తోచలేదు.

ఇది చదివే పేషెంట్లకు ఒక్క మాట. మనల్ని పట్టుకోవడానికి పక్కన నడిచే మనిషి మన కళ్ళకు గట్టిగానే కనిపిస్తాడు. ఈసారి రివ్యూకు పోయినప్పుడు మీ బీపీ చూడకముందే ఆ మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, చొక్కా చెయ్యి పైకి మడిచి, ముందు ఇతనికి చూడండి అని నర్సును అడగండి. నాకేమీ లేదంటాడు. వినకండి.