స్కూటర్ స్ప్రింగుల మీద నా స్పీకర్లు

నా పెండ్లిని నేనే స్పీకర్ల కింద పెట్టి నలుపుకోబోయిన ముచ్చట చెప్త, వినుండ్రి. మీరు నవ్వితే నవ్వుండ్రి గానీ, మా అమ్మ మాత్రం ఇప్పటికీ నవ్వదు.

మాది తాండూరు. ఇంట్ల నేల బండలే, గోడకు అరలు బండలే. నేను నడుమెత్తు స్పీకర్లు రెండు తెచ్చి నేల మీద నిలవెట్టిన. పాట పెడితే చాలు, బండ అదిరేది, అరల మీద స్టీలు గిన్నెలు గలగలమనేటియి. మొదటి సంబంధమోళ్లు వచ్చిన్నాడు ఒక చెంబు దుంకి పిల్ల మేనత్త నెత్తిన పడ్డది. సంబంధం ఆడికే ఖతం.

రెండోది వికారాబాద్ సంబంధం. పిల్ల ఫోటో చూసినకాడి నుంచి నాకు అన్నం సయిస్తలేదు. పిల్ల తండ్రి మల్లేశం గారు ఇల్లు చూడ వస్తున్నరంటే అమ్మ నాకు దండం పెట్టింది.

"కొడుకా, గా డబ్బాలు గీ ఒక్కరోజు బందువెట్టురా!"

"ఎందుకే ఫికర్? అదురు బండకు దిగకుంట డబ్బాల కింద స్ప్రింగు కాళ్లు పెడ్త. గంతే!"

గసొంటి కాళ్లు అమ్మే దుకాణాయనకు ఫోన్ చేసిన. "స్పీకర్ బరువెంత? బరువును బట్టే కాళ్లు ఎంచుకోవాలె," అన్నడు. నాకేం తెల్సు? తెల్వదంటే ఇజ్జత్ పోతదని ఫోన్ పెట్టేసి, సీదా మా దోస్తు ఖాజా మెకానిక్ షెడ్డుకు పోయిన.

"పాత స్కూటర్ సీటు కింది స్ప్రింగులున్నయ్, తీస్కపో భాయ్."

"మోస్తయా?"

"అరె, ఇద్దరు మనుషులను, నడుమ బియ్యం బస్తాను మోసినయ్! నీ డబ్బా ఎంత?"

నా తెలివి చూడుండ్రి. బస్తాలు మోసిన స్ప్రింగులు నా డబ్బా బరువుకు ఇసుమంత గూడ వంగలే; వంగని స్ప్రింగు అదురును ఆపదని నాకు అప్పుడు తెల్వదు. పైన డబ్బా మాత్రం తాగినోడి లెక్క ఊగుతుంటే, మస్తు మెత్తగున్నయని మురిసిపోయిన.

మల్లేశం గారు వచ్చిన్రు. కుర్చీల కూసుండి చాయ్ అందుకున్నరు.

"ఏం బాబు, పాటలంటే ఇష్టమా?"

తల ఊపి ఊరుకుంటే నేను నేనెట్లయిత? "వినుండ్రి మామా!" అని అప్పుడే మామను చేసుకోని, డప్పుల పాట పెద్దగ పెట్టిన. ఒక్క గిన్నె చప్పుడు చెయ్యలే! గెలిచిన అనుకున్న. అమ్మ గిన్నెలన్ని ముందే మంచం కింద దాచిందని నాకేం ఎరుక?

అంతల ఒక స్పీకర్ డప్పు దెబ్బకోసారి ఎగురుడు షురూ చేసింది. కింద నున్నటి బండ, ఇగ దానికి అడ్డమేముంది? ఠక్కు ఠక్కుమనుకుంట ఆయన దిక్కే నడుస్తున్నది.

"ఓ బాబు, గిది నా మీదికొస్తున్నది!"

"ఏం కాదు మామా, జర కాళ్లు ఎత్తుండ్రి!"

పాపం, నా మాట విని ఎత్తిన్రు. డబ్బా తూలి ఆయన ఒళ్లె కూలవడ్డది. చాయ్ అంగీ మీద, వైరు మెడల. పాట మాత్రం ఆగలే.

అమ్మ ఉరికొచ్చి స్విచ్చు బందువెట్టింది. పిల్ల ఫోటో ఇగ వాపసు ఇయ్యాలె అనుకున్న.

ఆయన డబ్బాను ఒళ్లె పట్టుకోనే అన్నరు: "నా బిడ్డ నీ ఫోటో జూసి ఇష్టపడ్డది. కాదంటే ఇంట్ల ఏడుస్తది. పిల్లనిస్త గానీ, గీ డబ్బాలు రెండు నా వెంబడి వికారాబాద్ వస్తయి."

ఆయన మాట పూర్తికాకముందే అమ్మ ఒక డబ్బాను దుప్పట్ల చుట్టి ఆటోను పిలుస్తున్నది.

పెండ్లయినంక మొదటిసారి అత్తగారింటికి పోయిన. లోపల పాట దద్దరిల్లుతున్నది. అత్తమ్మ నన్ను జూసి నెత్తి కొట్టుకున్నది.

"నీ పుణ్యాన డబ్బాలు పరుపు మీద, మీ మామ చాప మీద పంటున్నరు అల్లుడా!"

అందుకే అనంతగిరి పద్మనాభస్వామి మీద ఒట్టు పెట్టుకోని చెప్తున్న: ఇగ నా బతుకుల స్కూటర్ సీటు స్ప్రింగుల మీద మనుషులను తప్ప దేన్నీ కూసోవెట్ట.