చేపకంటే ముందే పులుసు

బైపాస్ అయిన దగ్గర్నుంచి మా ఆయన గాజుబొమ్మ అయిపోయారు. ఎవరూ చెయ్యలేదు, తనకు తానే అయ్యారు. ఆరు నెలలు దాటాక కార్డియాలజిస్ట్ నవ్వుతూ, ఇక ఏ పనైనా చేసుకోవచ్చు, చెయ్యాలి కూడా అని చెప్పాడు. ఈయన బుద్ధిగా తలూపి, కారు దాకా వచ్చి, డోరు నేను తీసేదాకా నిలబడ్డారు. ఈ పరాయి దేశంలో, కెల్లీవిల్ అనే ఊళ్ళో మా ఇంట్లో బియ్యం బస్తా నేనే మోశాను, చెత్త బిన్నులు నేనే రోడ్డు మీదికి లాగాను. మొయ్యడం కష్టమని కాదు. ఒకప్పుడు నన్ను సూట్‌కేస్ ముట్టుకోనిచ్చేవారు కాదు. ఆ మనిషి సోఫాలో కూచుని తన నాడి తానే పట్టి చూసుకుంటుంటే నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చేవి. నా మొగుడు బతికాడు గానీ ఇంకా ఇంటికి రాలేదనిపించేది.

మా వీధిలోనే ఉండే డాక్టర్ అంకుల్‌కి ఒక చిన్న అల్యూమినియం బోటు ఉంది. గుంటూరు నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడే తల నెరిసిన మనిషి, మత్తు డాక్టరుగా రిటైరయ్యారు.

"ఎండాకాలం బాస్ చేపలు అడుక్కి దిగిపోతాయమ్మా, పైన నీళ్ళు కాగుతుంటాయి కదా. సండే డ్యామ్‌కెళ్దాం, మీ ఆయన్ని కూడా తీసుకురా" అన్నారు.

"నాకెందుకు అంకుల్ ఇప్పుడీ స్ట్రెస్సు" అని ఈయన గొణిగారు. నేను విననట్టు, వస్తామని అంకుల్‌కి చెప్పేశాను.

గోదావరి దగ్గర పుట్టినదాన్ని, చేప పడితే నీళ్ళ ఒడ్డునే పులుసు కావాలి నాకు. అందుకని ముందురోజే చింతపండు పిసికి, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, బెండకాయలు వేసి పులుసు మరగబెట్టి, గిన్నెతో సహా కారెక్కించాను. చేప ఒక్కటే తక్కువ. అంకుల్ మూత తీసి చూసి పగలబడి నవ్వారు.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుందమ్మా నీ వరస!"

చుట్టూ ఎండిపోయిన కొండలు. డ్యామ్ కట్టినప్పుడు మునిగిన చెట్లు మోడులై ఇంకా నీళ్ళలో నిలబడి ఉన్నాయి. చేపలు దాచడానికి ఐసు నింపిన ఎస్కీ పెట్టెని బోటులోకి నేనే ఎత్తాను. ఈయన చేతులు కట్టుకుని చూశారు. పాత నది పారిన చోటికి వెళ్ళాక బోటులోని స్క్రీన్ మీద, నలభై అడుగుల లోతున, చేపల గుంపు మసకమసగ్గా కనిపించింది.

పని వినడానికి తేలికే. చేపపిల్లలా ఉండే సీసపు ఎరను అడుగుదాకా వదిలి, నెమ్మదిగా దారం చుడుతూ పైకి తేవాలి. బాస్ వెనకాలే వచ్చి ఎర తోక కొరికి చూస్తుంది. అప్పుడు లాగకూడదు, ఆపకూడదు. బరువు తెలిసేదాకా అదే చుట్టడం. కానీ మా ఆయన చిన్నప్పుడు కాలవ గట్టు మీద గేలం వేసిన మనిషి. బెండు మునగ్గానే లాగెయ్యడమే తెలుసు. కింద చిన్న తాకిడి తగలడం, ఈయన ఒక్క గుంజు గుంజడం, చేప పోవడం. మళ్ళీ అదే, మళ్ళీ అదే. నాకు ఒళ్ళు మండిపోయింది.

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో..." అనేసి నాలుక కరుచుకున్నాను.

ఆపరేషన్ అయినప్పటి నుంచి చావు అన్న మాట మా ఇంట్లో ఎవరమూ పలకలేదు. టీవీలో వచ్చినా చానెల్ మార్చేవాళ్ళం. ఇప్పుడు నేనే, నా నోటితో, ఆయన ఎదురుగా పుడకలు తెచ్చి పడేశాను.

ఈయన నా వైపు తిరిగి చూశారు. "పుడకలతో గాని పోదు. అనవే, పూర్తిగా అను. ఏం కాదులే" అన్నారు. భుజాలు కదిలేలా నవ్వారు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో!

ఆ తర్వాత ఎర వదిలినప్పుడు తాకిడి తగిలింది. ఈయన గుంజలేదు. పెదవి బిగించి చుడుతూనే ఉన్నారు. రాడ్ వంగి కొస నీళ్ళకు తగిలింది. చేప మళ్ళీ లోతుకు దూసుకుపోయింది. ఈయన మెడ మీద నరాలు ఉబ్బాయి.

"అంకుల్‌కి ఇచ్చెయ్యండి!" అని అరిచాను.

"నోర్మూసుకుని వల పట్టు!"

పట్టాను. ఆ కసురు నా చెవులకి ఎంత హాయిగా ఉందో చెప్పలేను. బంగారు రంగు మెరిసే పెద్ద బాస్ వలలోకి వచ్చింది. అంకుల్ చేపను చూడలేదు, డాక్టరు కళ్ళతో ఈయన ముఖమే చూసి, బాగానే ఉందన్నట్టు నాకు తలూపారు.

ఒడ్డుకు చేరాక ఎస్కీ కోసం వంగబోయాను. అప్పటికే అది ఈయన భుజం మీద ఉంది. ఐసు, చేప, అంత బరువూ. వద్దు అన్న మాట గొంతు దాకా వచ్చింది. మింగేశాను. ఆయన మాత్రం తానేం మోస్తున్నారో కూడా గమనించకుండా, చేప ఎలా దూసుకుపోయిందో అంకుల్‌కి చెబుతూ గట్టెక్కి, వండుకోడానికి పొయ్యిలున్న బార్బీ బల్లల దగ్గర ఆగి వెనక్కి తిరిగారు.

"చేతులూపుకుంటూ అక్కడే నిలబడ్డావేంటే? పులుసు వెచ్చబెట్టవా?"

వస్తున్నానండీ అన్నాను. నిజంగానే నా చేతులు రెండూ ఖాళీగా ఉన్నాయి. కళ్ళు తుడుచుకోవడానికి పనికొచ్చాయి.