ఊపిరి ఆడే కవచం

వీధిలో అందరూ ఆమెను బొమ్మల వదిన అనేవాళ్ళు. బట్టల దుకాణాల్లో అద్దాల వెనక నిలబెట్టే నిలువెత్తు బొమ్మలు పోసే కార్ఖానాలో, పెళ్ళికి ముందు నుంచీ ఆమె పనిచేస్తోంది. చేతికి పని ఎక్కువ, నోటికి మాట తక్కువ. "రోజంతా నోరులేనివాళ్ళతో ఉంటుంది, అదే అబ్బింది" అని అత్తగారు సణుగుతూ ఉండేది. అత్తగారు దర్జీ. వీధివైపు గదిలో ఆమె కుట్టు మిషను, వెనక రేకుల వసారాలో కోడలి సరంజామా. భర్త లారీతో పాటే ఊళ్ళు తిరిగేవాడు. ఇంట్లో మిగిలింది ఈ ఇద్దరూ, పిచ్చుక అని పిలుచుకునే ఆడపడుచూ.

పిచ్చుకకు చిన్నప్పటి నుంచీ ఆయాసం. పీల్చే మందు లేకుండా గడప దాటదు. అలాంటి పిల్ల వేషాల పోటీలో యోధురాలినవుతానని పట్టుబట్టింది.

"వదినా, నాకు కవచం చేసిపెట్టవూ? చూస్తే ఇనుమే అనుకోవాలి."

వదినకు చేతిలో పనే. కానీ ఆమెకు బాగా తెలిసింది ఫైబరు పోత. తేలికగా, గట్టిగా వస్తుంది, నిజమే. కానీ ఆ పోతలో కలిపే రెజిన్ అనే జిగురు ఘాటుకు కార్ఖానాలో ఆరోగ్యవంతులకే కళ్ళమ్మట నీళ్ళు కారతాయి. ఈ ఇంట్లో ఆ డబ్బా మూత తీస్తే పిచ్చుక గతి ఏమిటి? పోత దేనితో అన్నది తర్వాత చూద్దాం, ముందు ఒంటికి సరిపడా అచ్చు తీద్దాం అనుకుంది.

సెలవు రోజు పొద్దున్నే వసారాలో పిచ్చుకను నిలబెట్టింది. బనీను మీద పలచటి ప్లాస్టిక్ కాగితం చుట్టి, తడిపిన ప్లాస్టర్ పట్టీలు ఛాతీ నుంచి నడుము దాకా వేసుకుంటూ వచ్చింది. ముందు భాగం, వెనక భాగం విడివిడిగా తీయవచ్చు. కానీ ఒకేసారి చుట్టి, బిగిశాక పక్కన కోస్తే రెండూ చక్కగా అతుకుతాయనిపించింది. బొమ్మలకు ఎప్పుడూ అలాగే చేసేది. బొమ్మలు ఊపిరి పీల్చవు.

"కదలకు" అంది.

పిచ్చుక బుద్ధిగా పొట్ట లోపలికి పట్టి, పైపైన ఊపిరి తీస్తూ నిలబడింది. ప్లాస్టర్ ఆ కుదించుకున్న ఒంటి మీదే బిగిసి, వేడెక్కింది.

"వదినా... తీసెయ్."

"ఇంకొక్క నిమిషం."

"తీసెయ్! ఊపిరి..."

మాట పూర్తికాలేదు. పెదవులు పాలిపోయాయి. మందు నోట్లో పెట్టుకుని నొక్కింది కానీ, పీల్చుకోవడానికి ఛాతీ పొంగే చోటేదీ? వదిన వసారా కత్తెర అందుకుంది. ప్లాస్టర్ పిండి పట్టి మొద్దుబారిన కత్తెర. పక్కన పట్టీలు రెండేసి పొరలున్నాయి, అంచు దిగడంలేదు. తడి చేతుల్లోంచి కత్తెర జారి కింద పడింది.

కేక విని అత్తగారు పరుగున వచ్చింది. చేతిలో కుట్టు గదిలోని పెద్ద కత్తెర. దాంతో ఎవరైనా కాగితం ముక్క కోసినా ఆమె ఊరుకునేది కాదు.

"జరుగు" అని కోడలిని నెట్టి, చంక కింద ప్లాస్టిక్‌కీ ప్లాస్టర్‌కీ మధ్య కత్తెర అలుగు దూర్చి నొక్కింది. పటపటమని పొరలు తెగాయి. వదిన ఆ సందులో వేళ్ళు దూర్చి బలంకొద్దీ లాగింది. గోళ్ళు విరిగాయి. పెంకు విచ్చుకుంది. పిచ్చుక మోకాళ్ళ మీద కూలబడి మందు పీల్చింది. ఆమె ముఖంలోకి రంగు వచ్చేదాకా ముగ్గురిలో ఎవరూ కదల్లేదు.

"చంపేసేదానివి కదే!" అంది అత్తగారు.

ఆ రోజు నుంచి ఇంట్లో మాటలు ముక్తసరి అయిపోయాయి. వసారాకు తాళం పడింది.

తాళం తీయించింది పిచ్చుకే. "నన్ను మళ్ళీ చుట్టొద్దు. కానీ మానేయకు వదినా. మానేస్తే, దానికి ఆయాసం కదా, ఏం చేయగలదులే అంటారు. వినీ వినీ విసిగిపోయాను."

వదిన కార్ఖానాలో పక్కన పడేసిన చేతుల్లేని బొమ్మనొకదాన్ని అడిగి తెచ్చుకుంది. పిచ్చుక ఒంటికి టేపు పెడుతుంటే అత్తగారు గుమ్మంలోంచి చూసి ఆగలేకపోయింది.

"అదేం కొలత? శవానికి తీస్తున్నావా? ఇటివ్వు. పీల్చవే పిల్లా, గట్టిగా పీల్చు. ఆఁ, ఇదీ కొలత!"

ఆ కొలతకు సరిపడేలా వదిన బొమ్మకు బంకమట్టి పట్టించింది. మట్టిలోనే పొలుసులూ, అంచులూ చెక్కింది. దాని మీద ప్లాస్టర్ వేసి, ముందూ వెనకా వేరువేరుగా అచ్చులు తీసింది. ఇక పోత దేనితో? ప్లాస్టరే పోస్తే బండరాయి మోసినట్టుంటుంది, ఒక్క దెబ్బకు పగులుతుంది. రబ్బరు పాలు తెచ్చి సీసా మూత తీయగానే ఆ ఘాటుకు పిచ్చుక దగ్గింది. వెంటనే మూత పెట్టేసింది. చివరికి కాగితం దగ్గర ఆగింది. చింపిన కాగితం, జిగురు, పొరల మధ్య అత్తగారిచ్చిన పలచటి నూలు గుడ్డ. ప్లాస్టర్ అచ్చు తడిని పీల్చుకుంటుంది కనుక కాగితం లోపలే గట్టిపడుతుందని ఆమె లెక్క.

పోటీ దగ్గరపడుతోందని తొందరపడి మొదటిది ఆరకముందే విప్పింది. అది తడిసిన అట్టపెట్టెలా చతికిలబడింది. రెండోసారి, "ఆరిందా?" అని పిచ్చుక ఎంత అడిగినా అచ్చు ముట్టుకోనివ్వలేదు. బాగా ఆరాక తీసి, చెక్క సుత్తితో కొట్టింది. చిన్న సొట్ట పడింది, అంతే.

ఇనుము రంగు వేసి, పక్కలకు, లాగితే ఊడే ముడులతో తాళ్ళు కట్టారు. తీరా తొడిగే వేళకు పిచ్చుక గోడకు అంటుకుపోయింది. అత్తగారే కవచం అందుకుని తను తొడుక్కుంది. గట్టిగా గాలి పీల్చి, తాడు ఒక్క లాగు లాగింది. కవచం ఊడి చేతిలోకొచ్చింది.

"చూశావా? నా పరువు పోయింది కానీ ఊపిరి పోలేదు. రా."

పోటీలో కత్తి తిప్పుతూ పిచ్చుక మధ్యలో ఠక్కున ఆగింది. చేయి పక్కకు వెళ్ళింది. జనంలో వదిన లేచి నిలబడింది. పిచ్చుక ఒక ముడి వదులు చేసుకుంది. నిండుగా ఊపిరి తీసి, మళ్ళీ కత్తి ఎత్తింది. చివరిదాకా ఆడింది.

బహుమతి వేరే ఎవరికో వెళ్ళింది. పిచ్చుక మెట్లు దిగి చెమటలు కక్కుతూ వచ్చి, కవచంతోనే వదినను వాటేసుకుంది. వదిన ఏడ్చింది. ఆమె ఏడవడం అత్తగారు చూడటం అదే మొదలు.