తడి ఎక్కడ మొదలైందో

బావ పోయిన సంగతి నాకు ఫోనులో ఒక ఆశా కార్యకర్త చెప్పింది. "సిస్టర్, మీ బావ వాగు దిగుడుకాడ పడ్డడు. జల్దీ రండ్రి" అంది, అంతే. ఏఎన్ఎంగా ఏళ్ల తరబడి పనిచేస్తున్నదాన్ని. పడ్డ మనిషి గురించి చెబుతున్నారో, పోయిన మనిషి గురించి చెబుతున్నారో గొంతు వింటే తెలిసిపోతుంది. ఇప్పపువ్వు ఏరడానికి అడవిలోకి వెళ్లినవాళ్లు తిరిగొస్తూ చూశారట. భద్రాచలం దవాఖానాకు చేర్చేలోపే అయిపోయింది.

ఆయన మా అక్క భర్త. బూర్గంపాడులో ఉండేవాళ్లు. రోడ్డు ఆగిపోయిన చోటు నుంచి లోపలి గూడేలకు మందులు, టీకాల డబ్బాలు తీసుకెళ్లి, అక్కడి నుంచి రక్తం నమూనాలు మోసుకొచ్చే పని ఆయనది. ఆ పనికిచ్చిన బండి మామూలు బండి కాదు. ఎత్తు సీటు, మొరటు టైర్లు, రాళ్లమీదా వాగుల్లోనూ నడిచేది. దాని వెనక కూర్చుని నేనెన్నిసార్లు నడుము విరగ్గొట్టుకున్నానో దేవుడికే తెలియాలి.

దవాఖానా వరండాలో అక్క ఆ రోజంతా ఒకటే మాట. "ఆ బండే చంపిందే. బ్రేకులు పోయినయి." పడింది దిగుడులో కాబట్టి అందరికీ నిజమే అనిపించింది. బండిని ట్రాలీ ఆటోలో తెచ్చి ఇంటి ముందు దింపితే కింద నూనె కారింది కూడా. ఇంకేం! సమాధి చేసి వచ్చినవాళ్లంతా ఆ మరక చూసి తలలూపారు. చర్చిలో మా వెనక వరసలో కూర్చునే పెద్దాయన నా ఎదుటే అన్నాడు: "ఊరందరి బండ్లల్ల లీకులు పట్టేటోడు. సొంత బండి చూస్కోకపాయె." నాకు ఒళ్లు మండిపోయింది. బావ మొండివాడు, ఒప్పుకుంటాను. చెప్పిన మాట వినేవాడు కాదు, అదీ ఒప్పుకుంటాను. బండి చూసుకోలేదంటే మాత్రం ఎలా ఒప్పుకునేది?

ఆయనకున్న పిచ్చే అది. అడవిలో బండి ఆగితే డబ్బాలో మంచు కరిగిపోతుంది, టీకాలు పాడైపోతాయి. అందుకని ఇంటికి రాగానే బండి కింద పాత చర్చి క్యాలెండరు కాగితాన్ని వెనక్కి తిప్పి పరిచేవాడు. పొద్దున దానిమీద ఒక్క చుక్క కనిపిస్తే చాలు, టీ కూడా తాగడు. వేలికి అద్దుకుని రుద్దుతాడు, వాసన చూస్తాడు. నల్లగా చిక్కగా ఉంటే ఇంజనుది. పచ్చగా ఉండి తియ్యటి వాసన వస్తే ఇంజనును చల్లబరిచే నీళ్లది. పల్చగా జారుతూ, పడిన చోట రంగు లేచిపోతే బ్రేకాయిల్. "గిది గనక కారితే ఇల్లు కదలొద్దు పిల్లా. మిగతావాటితోని ఎట్లనో ఇల్లు చేరొచ్చు" అనేవాడు.

నేను కూడా బండి వెనకాల తిరిగేదాన్నే కాబట్టి నాకూ నేర్పాడు. మొదటిసారి నన్ను లీకు వెతకమంటే, చుక్క పడే చోట ఉన్న బోల్టు చూపించాను. పకపకా నవ్వాడు. "చుక్క కింద పడ్డదని కింది బోల్టు బిగిస్తవా? నూనె జారుకుంట వస్తది, గాలికి ఎనకకు పోతది, బురదల దాక్కుంటది. పైకి చూడు. తడి ఎక్కడ మొదలైందో గదే లీకు."

ఒకసారి ముందు షాకబ్జర్ గొట్టం మీద ఉంగరంలా తడి కనిపించింది. నూనెను ఆపే రబ్బరు సీలు పోయింది, మార్చాల్సిందే అన్నారు అందరూ. బావ నా దగ్గరికొచ్చి పాత ఎక్స్‌రే ఫిల్మ్ ఒకటి ఇమ్మన్నాడు. దాన్ని సన్నగా కత్తిరించి, సీలు సందులో దూర్చి చుట్టూ తిప్పితే బురద బయటికొచ్చింది. తుడిచాక మళ్లీ తడి రాలేదు. ఆ ఎక్స్‌రే ఎవరిదో పాపం, పక్కటెముకలు కనిపిస్తున్నాయి.

ఆయనకు నిజంగా కోపం రావడం నేను చూసింది ఒక తోటి రైడరు మీద. ఇంజనుకు చల్లటి నీళ్లు తిప్పే పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది. లోపల సీలు పోతే అక్కడ నుంచి కారి, మనకు తెలియజేస్తుంది. ఆ పెద్దమనిషి కారుతోందని దానికి మైనంలాంటి ముద్ద పెట్టి మూసేశాడు. నీళ్లు లోపలికి పోయి ఇంజనాయిల్ పాలు పోసిన టీ అయింది. "బండి నొప్పని చెప్తుంటే నోరు మూస్తివి గదరా!" అని బావ అరిచిన అరుపుకి వీధి వీధంతా బయటికొచ్చింది.

ఆఖరికి ఏమీ తేలకపోతే పౌడరు పరీక్ష. బండి కడిగి, పూర్తిగా ఆరబెట్టి, అనుమానం ఉన్నచోటల్లా ముఖానికి రాసుకునే పౌడరు చల్లి, ఇంజను నడిపించేవాడు. ఎక్కడ పౌడరు ముందుగా తడిస్తే అక్కడే లీకు. "నా మొఖానికి లేని పౌడరు నీ బండికా?" అని అక్క డబ్బా దాచిపెట్టేది. ఎక్కడ దాచినా దొరకబట్టేవాడు.

సమాధి అయిన వారం తర్వాత అక్కతో చెప్పాను, నేను బండి చూస్తానని. "చూడు. ఆ బ్రేకులేనని నీకే తెలుస్తది" అంది.

కింద కారిన నూనె సంగతి నాకు ముందే తెలుసు. బండి చాలాసేపు పక్కకి పడి ఉంటే ఆయిలూ పెట్రోలూ గొట్టాల్లోంచి బయటికొస్తాయి. "పడ్డ బండి కక్కుతది, గది లీకు కాదు" అని బావే చెప్పాడు. కక్కిందంతా కడిగాను. ఎండలో ఆరబెట్టాను. మట్టం తగ్గిన ఆయిల్ పోశాను. బ్రేకు గొట్టాలు, వాటి కొసలు, చక్రాల దగ్గర, ఇంజను అతుకులు అన్నిటిమీదా పౌడరు చల్లి స్టార్ట్ చేశాను. చేతి బ్రేకు బలమంతా పెట్టి పట్టుకున్నాను. పట్టుకున్న పిడి కాస్తయినా లోపలికి జారలేదు.

"దొరికిందా?" అని గడపలోంచి అడిగింది అక్క.

"లేదక్కా."

"మల్ల చూడు."

మళ్లీ చూశాను. పౌడరంతా తెల్లగా, పొడిగా ఉంది. "బండికేం కాలేదక్కా. బ్రేకులు మంచిగున్నయి" అన్నాను. బావ మాట నిలబెట్టానని ఒక్క క్షణం సంతోషపడ్డాను కూడా. అక్క ముఖం చూశాక ఆ సంతోషం చచ్చిపోయింది.

మెట్టు మీద కూలబడింది. "పొద్దుగాల ఛాతీల పట్టేసినట్టున్నదన్నడే. ఎడమ రెక్క గుంజుతున్నదన్నడు. మటన్ తింటివి, గ్యాసే అయితది అన్న. గోలీ ఇచ్చి తోలిన. నీకు ఫోన్ చేస్త అంటే ఆయనే, ఊకె దాన్ని సతాయించకు అన్నడు."

ఒంటి మీద పెద్ద దెబ్బ లేదన్నది నాకు అప్పుడు గుర్తొచ్చింది. డాక్టర్లు ఇంకా ఏమీ తేల్చి చెప్పలేదు. కానీ నేను చేసే పనిలో ఆ మాటలు వింటే ఏం అనుకోవాలో నాకు తెలుసు. ఏం మనిషివి బావా! నొప్పని చెబుతుంటే నోరు మూశాడని ఆ రైడరును అంత తిట్టావే, నువ్వు చేసిందేమిటి? గోలీ వేసుకుని కిక్కు కొట్టావు. ఇప్పటికీ తలుచుకుంటే ఏడుపు కంటే ముందు కోపమే వస్తుంది నాకు.

"అక్కా, బ్రేకాయిలే కారిందని చెప్త. ఎవరొచ్చి చూస్తరు?" అన్నాను.

బండి మంచిదంటే అందరూ మరి ఎట్ల పడ్డడని అడుగుతారు. అడిగితే ఆ పొద్దుటి గోలీ దగ్గరికే వస్తుంది. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

"వద్దు" అంది అక్క. "బండి మంచిగున్నదని చెప్పు. చూస్కోకపాయె అన్నోళ్లందరికి చెప్పు. ఆయన గురించి నువ్వేమన్న రాస్తే నా గోలీ సంగతి గూడ రాయి."

రాశాను. చదివేవాళ్లు మా అక్కను ఏమీ అనకండి. ఛాతీ పట్టేసిందని ఇంట్లో ఎవరైనా అంటే మాత్రం గ్యాసని తేల్చేయకండి, దవాఖానాకు తీసుకెళ్లండి.

ఆ రోజు ఇంజను ఇంకా తిరుగుతూనే ఉంది. నేను ఆపబోతే "ఆపకు" అంది. లేచి వచ్చి, బావ కూర్చునే చోట సీటు మీద అరచేయి ఆనించింది. సీటు అదురుతుంటే మోచేతి దాకా ఆమె చెయ్యి కూడా అదిరింది. ట్యాంకులో మిగిలిన పెట్రోలు అయిపోయి, బండి దగ్గి దగ్గి దానంతట అది ఆగిపోయేదాకా ఆ చేయి తీయలేదు.