నల్ల తీగకు పసుపు పూలు

నా చిన్నప్పుడు మా ఇంటికి ఏదైనా ఉత్తరం వస్తే అందరూ చదివేవారు, మా నానమ్మ మాత్రం మూలలు చూసేది. ఆమెకు అక్షరాలు రావు. వచ్చిన కాగితం ఏదైనా సరే, ముందు నాలుగు మూలలూ తిప్పి చూసేది. మూలల్లో పసుపు ఉంటే పెళ్ళో గృహప్రవేశమో అన్నమాట. కళ్ళకద్దుకుని లోపలికి తెచ్చేది. మూలల్లో నలుపు ఉంటే చావు కబురు. ఆ కార్డును గుమ్మం దాటనిచ్చేది కాదు. వీధిలోనే ఎవరిచేతనైనా చదివించుకుని, అక్కడే చింపి పారేసి, తల మీద నీళ్ళు పోసుకున్నాకే లోపలికి వచ్చేది. ఏ రంగూ లేకపోతే అది కరెంటు బిల్లు. దాని సంగతి ఆమెకు అక్కర్లేదు.

మాది అనకాపల్లి. సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకీ రాని రోజులు. మా నాన్న బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పనిచేసేవాడు. సాయంత్రం ఆయన చొక్కా విప్పి దండెం మీద వేస్తే ఇల్లంతా బెల్లం వాసన వచ్చేది. చీమలకు మా ఇంటి దారి ఎవరూ చెప్పక్కర్లేదు.

మా గోడకు ఆనుకునే పక్కింటి అక్క వాళ్ళ వాటా. ఆ అక్క డిగ్రీ చదువుతుండేది. వాళ్ళు క్రైస్తవులు. వాళ్ళ నాన్నగారు ఏదో ఆఫీసులో గుమాస్తా. డిసెంబరు వచ్చిందంటే వాళ్ళ వరండాలో నక్షత్రం వెలిగేది, దాని కింద చాప పరిచి అక్క గ్రీటింగు కార్డులు చేసేది. అప్పటికే బజారులో తెరిస్తే పాట పాడే కార్డులు వచ్చేశాయి. మా క్లాసులో వాటికున్న గౌరవం ఇంతా అంతా కాదు. అక్క మాత్రం వాటిని చూసి పెదవి విరిచేది. పాట ఎవరిదో, బొమ్మ ఎవరిదో, ఇందులో మనది ఏముందే అనేది.

అక్క చేసే పద్ధతి నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. మందమైన మీగడరంగు అట్టను మధ్యకు మడిచేది. పాత పెళ్ళి శుభలేఖల కవర్లు, మాడుగుల హల్వా పెట్టెల మీది మెరుపు కాగితాలు, ఎవరో ఇచ్చిన బహుమతులకు చుట్టిన పువ్వుల కాగితాలు, అన్నీ ఒక రేకు పెట్టెలో దాచుకునేది. వాటిలోంచి ఒక్కో ముక్క కత్తిరించి మైదాపిండి జిగురుతో అంటించేది. ఆ పైన ముద్రలు. రబ్బర్లను బ్లేడుతో చెక్కి ఆకులు, తీగలు, నక్షత్రాలు చేసుకునేది. పువ్వు కావాలంటే బెండకాయే. అడ్డంగా కోసిన బెండకాయను రంగులో ముంచి అద్దితే అయిదు రేకుల పువ్వు పడుతుంది. కోసిన ముక్కలను పాత పేపరు మీద బోర్లించి జిగురంతా పోయేదాకా అద్దుతూ కూర్చోవడం నా ఉద్యోగం. జిగురు పోకపోతే ముద్ర జారిపోతుంది. గట్టిగా అదిమితే పువ్వు చచ్చిపోతుందే, ఊరికే ఆనించాలి అని అక్క నా చెయ్యి పట్టుకుని మరీ నేర్పింది.

రంగులంటే వాళ్ళ నాన్నగారు తెచ్చే స్టాంపు ప్యాడ్లే. నలుపు, ఊదా, ఎరుపు. పసుపురంగు ప్యాడు ఎక్కడా దొరకలేదని అక్కకు పెద్ద దిగులు. నా డ్రాయింగు రంగులతో ప్రయత్నిస్తే నీళ్ళు కారి పువ్వు కాస్తా గుడ్డు పగిలినట్టు అయింది.

ఆ డిసెంబరులోనే మా నాన్నకు ప్రమాదం జరిగింది. లారీకి లోడు ఎత్తుతుంటే పైనుంచి బెల్లం దిమ్మలు జారి మీద పడ్డాయి. తొడ ఎముక విరిగింది, కడుపులో కూడా దెబ్బ తగిలిందన్నారు. విశాఖపట్నం తీసుకెళ్ళారు. అమ్మ అక్కడే ఉండిపోయింది. ఇంట్లో నేనూ నానమ్మా మిగిలాం. మాకు ఫోను లేదు, కబురు ఏదైనా అక్క వాళ్ళ ఇంటికే రావాలి. వాళ్ళ ఫోను మోగినప్పుడల్లా నానమ్మ గోడ దగ్గరకు వెళ్ళి నిలబడేది. వాళ్ళ చుట్టాల ఫోనని తెలిశాక తిరిగి వచ్చేది.

చివరికి ఒక రోజు అసలు కబురు వచ్చింది. మర్నాడు కడుపుకు ఆపరేషను, చేశాక గానీ ఏమీ చెప్పలేమన్నారట డాక్టర్లు. నానమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. నా మటుకు నాకు ఆపరేషను అంటే ఏమిటో సరిగ్గా తెలియదు గానీ, నానమ్మ అన్నం తినకపోవడం మాత్రం ఎప్పుడూ చూడలేదు. అది చూసి భయపడ్డాను.

తెల్లవారి మొదటి బస్సుకు మా మావయ్య ఆసుపత్రికి బయలుదేరాలి. ఆ సాయంత్రం నేను స్కూలు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే అక్క గోడ చుట్టూ తిరిగి మా గుమ్మంలోకి వచ్చింది. చేతిలో కార్డు. నాకు కూడా చెప్పకుండా చేసింది. మావయ్య చేత నాన్నకు పంపాలట. ముందు నానమ్మ చేతికి ఇచ్చింది.

నానమ్మ అలవాటు ప్రకారం మూలలు చూసింది.

నాలుగు మూలలా నల్లటి తీగ. రబ్బరు మీద ఎంతో ఓపిగ్గా చెక్కిన ద్రాక్షతీగ, ఆకులతో గుత్తులతో సహా. మధ్యలో వెండి పువ్వుల కాగితం, దాని కింద త్వరగా కోలుకోవాలని అక్క ముత్యాల్లాంటి అక్షరాలు. అంత అందమైన కార్డు అక్క అంతకు ముందు చెయ్యలేదు. కానీ మా ఇంట్లో దానికి ఒకటే అర్థం. అదీ రేపు ఆపరేషను అనగా.

నానమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇక ఆ కార్డు వీధిలో చిరిగి పడుతుందని, అక్కకు చీవాట్లు తప్పవని, రేపటినుంచి ఆ వరండా మెట్లు నన్ను ఎక్కనివ్వరని నాకు అర్థమైపోయింది. అక్కకు ఏమీ తెలియదు. మెచ్చుకుంటారేమోనని నవ్వుతూ నిలబడి ఉంది.

"నువ్వే సేసేవా తల్లీ?" అంది నానమ్మ.

"అవును మామ్మా. ఇది పండగ కార్డు కాదు కదా, మరీ రంగులైతే బాగోదని నలుపొకటే వాడేను. ద్రాక్షతీగ మాకు మంచిది. రాత్రి చర్చిలో బాబాయి కోసం ప్రార్థన కూడా చేయించేను."

"కూకోమ్మా, ఇప్పుడే వత్తాను" అని నానమ్మ లోపలికి వెళ్ళింది.

ఎంతసేపటికీ రాలేదు. నేను వెనకాలే వెళ్ళి చూశాను. దేవుడి గూటి ముందు నిలబడి ఉంది. కార్డును ఒక చేత్తో పట్టుకుంది, రెండో చెయ్యి గోడకు ఆనించింది. నన్ను చూసి కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత గిన్నెలో పసుపు వేసి నీళ్ళు పోసి చిక్కగా కలిపింది. కూరగాయల బుట్టలోంచి ఒక బెండకాయ తీసి అడ్డంగా కోసింది. అవన్నీ పళ్ళెంలో పెట్టుకుని, పెద్ద పేరంటానికి బయలుదేరినట్టు నడిచి వచ్చి అక్క ముందు కూర్చుంది.

"మాయింట్లోంచి పసుపు అంటకుండా ఏ కాయితమూ బైటికెల్దు తల్లీ. కూసింత పసుపెడతాను. నువ్వేసే ఆ ముద్ర ఎలాగెయ్యాలో నాకూ సూపించు."

అక్క కళ్ళు పెద్దవయ్యాయి. పసుపురంగు కోసం ఊరంతా తిరిగిన మనిషి కదా, వంటింట్లో గిన్నెడు ఉందని ఆమెకు తట్టనే లేదు. "అయ్యో, నేనెంత పిచ్చిదాన్ని మామ్మా!" అంటూ ముందుకు జరిగింది.

నాకు ఇదేమీ అర్థం కాలేదు. నలుపు ఉంటే చింపాలి కదా. అక్కకు తెలియకపోతే చెప్పాలి కదా. "నానమ్మా, నలుపు..." అని నోరు తెరిచాను. తెరిచిన నోట్లో ఒక పెద్ద బెల్లం ముక్క వచ్చి పడింది. నానమ్మ దాన్ని ఎప్పుడు తెచ్చి పక్కన పెట్టుకుందో నేను చూడలేదు. బుగ్గలో పట్టనంత ముక్క. అది కరిగేదాకా నేను మాట్లాడే ప్రశ్నే లేదు.

మొదటి ముద్ర జారిపోయింది. బెండకాయ జిగురు పోలేదు మరి. అక్క నవ్వి, పాత పేపరు మీద ముక్కను అద్ది చూపించింది. అదమకండి మామ్మా, ఆనించండి అంది. నానమ్మ ఒక్కో మూలలోనూ ఆనించింది. తీగ మీద పువ్వు, పక్కన ఇంకో పువ్వు, సందులో ఇంకొకటి. చిక్కటి పసుపు కింద నలుపు చాలామటుకు కనబడకుండా పోయింది. కనబడినంత మేరా పూల వెనకున్న ఆకుల్లా ఉంది. చివరికి ఒక్కో పువ్వు నడుమా వేలి కొసతో కుంకుమ చుక్క పెట్టింది.

"ఇంత బాగా నేను కూడా చెయ్యలేను మామ్మా" అంది అక్క. నిజంగానే అంది. ఆరేదాకా కార్డును విసనకర్రతో విసిరి, మావయ్యకు ఇవ్వమని మరీ మరీ చెప్పి వెళ్ళిపోయింది.

అక్క గోడ మలుపు తిరిగేదాకా నానమ్మ నవ్వుతూనే ఉంది. తర్వాత మెట్టు మీద కూలబడి ఏడ్చింది. నాకు బెల్లం అప్పటికి కరిగింది. నలుపని తెలిసి ఎందుకు చింపలేదని అడిగాను.

"సింపితే ఆ గుంటకేటని సెప్పను? నలుపు మాకు కీడని సెప్పాల. సెప్తే మనసులో ఎట్టుకుంటాది. రేపు మీ నాన్నకి ఏటైనా అయిందనుకో, నా సేత్తోనే అయిందని బతికినన్నాళ్ళూ ఏడుత్తాది. నా బయం నాకు సాలదేటి, ఆ పిల్లకి కూడా ఎందుకు అంటించడం?"

"మరి పసుపు పెట్టావు కదా, నీకు భయం పోయిందా?"

"పోనేదు" అంది నానమ్మ.

ఆ మాట నాకు ఇప్పటికీ ఆమె గొంతుతోనే వినిపిస్తుంది. పసుపు పెట్టాను కాబట్టి ఇక ఫరవాలేదని ఆమె నాకు చెప్పలేదు. తనకూ చెప్పుకోలేదు. నమ్మకం ఆమెది, భయం ఆమెది, రెండూ తన దగ్గరే అట్టేపెట్టుకుని కార్డును మాత్రం పంపించింది.

నాన్న బతికాడు. ఎముక అతుక్కునేసరికి వేసవి వచ్చింది, నడకలో కాస్త కుంటు మిగిలింది. ఆసుపత్రి సామానుతో పాటు ఆ కార్డు కూడా ఇంటికి వచ్చింది. ఆపరేషను రోజు పొద్దున దాన్ని ముందు చూసింది అమ్మేనట. ఆమెకూ మా ఇంటి లెక్కలు తెలుసు కదా. పసుపు కింద నల్లగీత చూసి గుండె ఆగినంత పనైందట. మళ్ళీ తేరిపార చూస్తే కుంకుమలో నానమ్మ వేలిగుర్తు కనిపించిందట. అత్తయ్య చెయ్యి పడింది, ఇంకేమిటని నాన్న తలగడ పక్కన నిలబెట్టిందట. ఆ కార్డువల్లే బాగయిందని నానమ్మ ఎన్నడూ అనలేదు. డాక్టర్లకు దండం పెట్టింది, ఊరుకుంది.

అక్కకు ఆ తర్వాత పసుపు పూల పిచ్చి పట్టుకుంది. ప్రతి క్రిస్మసుకూ అదే కార్డు, నల్ల తీగకు పసుపు పూలు. మామ్మ డిజైను అని పేరు కూడా పెట్టింది. పెళ్ళయి మాడుగుల వెళ్ళి టీచరు అయ్యాక కూడా మాకు ఏటా ఒకటి వచ్చేది. నానమ్మ దాన్ని అందుకునేది, మూలలు చూసేది, ఒక్క క్షణం ఆగేది, తర్వాత కళ్ళకద్దుకుని లోపలికి తెచ్చేది.

నానమ్మ పోయినప్పుడు అక్క వచ్చింది. బల్ల మీద పెద్దకర్మకు పంచే కార్డులు కట్టగా ఉన్నాయి, ఒక్కోదానికీ చుట్టూ నల్లంచు. అక్క ఒకటి తీసి చాలాసేపు చూసింది. మూలను వేలితో తడిమింది.

"మీలో ఇలా నల్లగానే వేత్తారా?" అని అడిగింది.

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం లేదు. నానమ్మ గొప్పతనం చెప్పినట్టూ ఉంటుంది. నోరు తెరవబోయాను, బుగ్గలో ఎక్కడో తీపి తగిలింది. "ప్రింటింగువాళ్ళ దగ్గర ఉన్న మోడలేదో వేసేశారక్కా, మేమెక్కడ చూశాం" అన్నాను. అక్క నా ముఖంలోకి చూసి, కార్డును మెల్లగా కట్టలో పెట్టేసింది.

ఆ డిసెంబరులోనూ అక్క కార్డు వచ్చింది. అవే పసుపు పూలు, నడుమ అవే కుంకుమ చుక్కలు. తీగ మాత్రం ఆకుపచ్చది. అక్కకు ఆ రోజు అంతా అర్థమైందన్నమాట. అర్థమైనట్టు నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇన్నేళ్ళలో మేమిద్దరం ఆ ఊసే ఎత్తలేదు.

ఇప్పుడు నాకూ ఎవరికో ఏదో తప్పని చెప్పాల్సిన సందర్భాలు తరచుగా వస్తుంటాయి. నిజం నాలుక చివరిదాకా వస్తుంది. అప్పుడు ఒక్క క్షణం ఆగి, ఇది చెబితే దిగేది ఎవరి బరువు, ఎక్కేది ఎవరి మీద అని చూసుకుంటాను. కొన్నిసార్లు చెప్పేస్తాను. కొన్నిసార్లు వంటింట్లోకి వెళ్ళి బెల్లం ముక్క ఒకటి నోట్లో వేసుకుంటాను.