అసలు కొలతల జట్టు

ఎనభైల చివర హనుమకొండలో, కాలువల డ్రాయింగులు గీసే మా ఆఫీసుకు కంప్యూటరు వచ్చింది. దానికొక ఏసీ గది. చెప్పులు గుమ్మం బయటే విడవాలి. కొందరైతే లోపలికి పోతూ దండం కూడా పెట్టుకునేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. దండాలు పెట్టడమే తప్ప దాంతో పని చేయడం ఒక్కరికీ రాలేదు.

కాగితం మీద మీటరును సెంటీమీటరుగా కుదించి గీసే చేతులు మావి. కంప్యూటరులో మీటరును మీటరుగానే గీయాలి, అచ్చు తీసేటప్పుడు అదే కుదించుకుంటుంది. మావాళ్లు అక్కడా మనసులో లెక్కగట్టి, ఎవరికి తోచినట్టు వాళ్లు కుదించేవాళ్లు. ఒకరు గీసిన కాలువ మీద ఇంకొకరి గేటు తెచ్చి పెడితే, గేటు నల్లి అంత కనిపించేది. అందరూ నవ్వుకుని, మళ్లీ తమ బల్లల దగ్గరికి పోయి పెన్సిళ్లు చెక్కుకునేవాళ్లు.

ఈ అలవాటు మాన్పించాలని ఒక జట్టు కట్టాను. నేనూ, ట్రేసింగు చేసే ఇద్దరు అమ్మాయిలూ, మా హెడ్ డ్రాఫ్ట్స్‌మనూ. ఆయన్ని అన్నా అని పిలిచేదాన్ని. ఆయన మాటంటే హాలంతా వింటుంది కనుక మొదట ఆయన్నే అడిగాను. వెంటనే ఒప్పుకున్నాడు. కారణం టీ కొట్టు దగ్గర చెప్పాడు.

“చెల్లె, నాకు చూపు పోతాంది. షుగర్ తోటి. దవాఖానల ఇగ బాగుగాదన్నరు. బల్ల మీద గీత అవుపడ్తలేదు. కంప్యూటర్లనైతె ఎంత పెద్దగ కావాల్నంటె అంత పెద్దగ చేసుకోవచ్చు. ఆ గదిల ఉంటెనే నేను గీస్త. ఎవ్వలకు చెప్పకు.”

ఇక నేను ఊరుకోలేదు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు మూసేసరికి మేం ఎవరో ఒకరి బల్ల దగ్గర వాలేవాళ్లం. “భజన మండలి వచ్చింది” అని ఎగతాళి చేసేవాళ్లు. నాకు కోపం వచ్చేది, అన్నకు రాదు. వాళ్లను కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, వాళ్ల గేటును వాళ్ల చేతనే అసలు కొలతలో గీయించి, కాలువ మీద పెట్టించేవాడు. గేటు పోయి సరిగ్గా తన చోట కూర్చుంటే ఎంత మొండివాడి మొహమైనా విప్పారేది. మేడారం జాతర ముగిసి అందరూ డ్యూటీలకు వచ్చిన కొన్నాళ్లకే హాలంతా ఒకే పద్ధతిలో గీయసాగింది.

అదే కొంప ముంచింది. నేర్పే పని అయిపోయింది కనుక సీనియర్ అయిన అన్నను ఏటూరునాగారం ఆఫీసుకు పంపిద్దామన్నాడు మా ఆఫీసరు. అక్కడ కంప్యూటరు లేదు. మళ్లీ బల్లే, మళ్లీ పెన్సిలే.

“కండ్ల సంగతి సార్‌కు చెప్పన్నా” అని బతిమాలాను.

“చూపు లేదని చెప్పినంక నన్ను డ్రాఫ్ట్స్‌మన్ అంటరా చెల్లె? ఫికర్ జెయ్యకు. చేతికి అలవాటున్నది.”

ఆయన్ని బస్సెక్కించి వచ్చి, ఆఫీసు బాత్రూములో తలుపేసుకుని ఏడ్చాను. మేం ఓడిపోయి ఉంటే ఆయన ఆ గదిలోనే ఉండేవాడు.

ఏటూరునాగారం డ్రాయింగులు సరిచూడడానికి మా దగ్గరికే వచ్చేవి. ఆయన గీసిన మొదటిది విప్పితే, గీతలు మూలలు దాటిపోయి ఉన్నాయి. అంకెలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అందరూ అన్నాలకు లేచాక మేం ముగ్గురం దాన్నంతా కంప్యూటరులో కొత్తగా గీసి, ‘గీసినవారు’ అన్నచోట ఆయన పేరే పెట్టాం. ఆఫీసరు సంతకం చేశాడు. ఆ తర్వాత ఆయన దగ్గర్నుంచి ఏది వచ్చినా అట్లాగే చేశాం.

వానలు మొదలైనప్పుడు ఏటూరునాగారం నుంచి ఇంకో డ్రాయింగు వచ్చింది. విప్పాం. గీతలు తిన్నగా ఉన్నాయి, అంకెలు ముత్యాల్లా ఉన్నాయి. ‘గీసినవారు’ అన్నచోట ఎప్పుడూ ఉండే అన్న పేరు లేదు, వేరే పేరుంది. ఇద్దరిలో చిన్నమ్మాయి దాన్ని మెల్లగా చుట్టేసింది.

“దీంట్ల మనం సరిజేసేది ఏం లేదక్కా” అన్నది.